టూకే క్లియర్ కొట్టేవాళ్ల ఊపిరికి రక్షణ: షెడ్డులో ఏం చేయాలి, ఎలా చేయాలి

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో అయినా, ఊళ్లో ఏ మూలనున్న డెంటింగ్, పెయింటింగ్ షెడ్డులో అయినా పెయింటర్లు ప్రమాదాన్ని ముక్కుతోనే కొలుస్తారు. థిన్నర్ ఘాటు ఎక్కువైతే మూతికి కర్చీఫ్ కట్టుకుంటారు, తగ్గగానే విప్పేస్తారు. హార్డ్‌నర్ (పెయింటును గట్టిపరిచే రసాయనం) కలిపి కొట్టే రెండు డబ్బాల పెయింట్లను టూకే అంటారు, వాటికి ఈ కొలత పనికిరాదు. ఊపిరితిత్తులను అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది ఆ హార్డ్‌నర్‌లోని ఐసోసైనేట్. దానికి చెప్పుకోదగ్గ వాసన ఉండదు. మనకు కొట్టే ఘాటంతా థిన్నర్‌ది. థిన్నర్ వాసన పోయాక కూడా హార్డ్‌నర్ తుంపర గాల్లో తిరుగుతూనే ఉండొచ్చు.

ముందు డబ్బా చూడండి. క్లియర్ (రంగు మీద మెరుపు కోసం కొట్టే రంగులేని పెయింటు) డబ్బా కాదు, దానితో వచ్చే చిన్న హార్డ్‌నర్ డబ్బా. దాని మీద ఐసోసైనేట్, పాలీఐసోసైనేట్, హెచ్‌డీఐ (ఇదీ ఒక ఐసోసైనేటే) అన్న మాటల్లో ఏదున్నా, ఎర్ర గీతల డైమండ్‌లో ఛాతీ మీద నక్షత్రం ఉన్న మనిషి బొమ్మ ఉన్నా కింద రాసినదంతా మీకు వర్తిస్తుంది. పెయింట్ అమ్మే దుకాణంలో సేఫ్టీ డేటా షీట్ అడిగి తీసుకోండి. అందులో 16 విభాగాలుంటాయి, మీకు ముఖ్యంగా కావలసినవి రెండు: డబ్బాలో ఏముందో చెప్పే 3వది, ఏ మాస్కు వాడాలో చెప్పే 8వది. బేస్‌కోట్ (క్లియర్ కింద కొట్టే రంగు) వాటర్‌బేస్, అంటే నీళ్లతో కలిపేది, అయినంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి. దాని పైన కొట్టే క్లియర్‌లో హార్డ్‌నర్ ఉంటుంది. రంగుకు ముందు కొట్టే టూకే సర్ఫేసర్‌లోనూ ఉంటుంది.

ఐసోసైనేట్ అనగానే 1984 భోపాల్ గుర్తొస్తుంది. అక్కడ లీకైన మిథైల్ ఐసోసైనేట్‌ది ఇదే కుటుంబం, కానీ పదార్థం వేరు. అది ఇట్టే ఆవిరయ్యే ద్రవం. హార్డ్‌నర్‌లో ఉండే పాలీఐసోసైనేట్ మామూలు వేడికి పెద్దగా ఆవిరి కాదు. డబ్బా మూత తీసినప్పటికన్నా గన్‌తో కొట్టినప్పుడు దీని ముప్పు చాలా ఎక్కువ. గన్ దాన్ని సన్నని తుంపరగా చేసి నేరుగా మీ ఊపిరి అందే చోట వదులుతుంది. అందుకే బ్రష్‌తో పూసేవాడికీ గన్‌తో కొట్టేవాడికీ ముప్పులో అంత తేడా. బ్రిటన్ ఆరోగ్య భద్రతా సంస్థ లెక్కలో, వాహనాలకు స్ప్రే పెయింట్ చేసేవాళ్లకు ఆస్తమా ముప్పు మిగతా కార్మికులకన్నా 80 రెట్లు. హెచ్‌డీఐ ఆవిరికి అమెరికా కార్మికుల ఆరోగ్య భద్రతా పరిశోధన సంస్థ నియోష్ సిఫారసు చేసిన పరిమితి 0.005 పీపీఎం, అంటే వంద కోట్ల పాళ్ల గాలిలో 5 పాళ్లు. ముక్కుకు వాసన తెలియలేదు కదా అని ఆ పరిమితి లోపే ఉన్నామనుకోకూడదు.

ఈ ఆస్తమా వచ్చే తీరు తెలిస్తే, జాగ్రత్త మొదటి రోజు నుంచే ఎందుకు కావాలో తెలుస్తుంది. కొందరికి కొన్ని నెలలు, కొందరికి ఏళ్ల పాటు ఏమీ అనిపించదు. ఆ కాలంలో ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ ఆ రసాయనాన్ని శత్రువుగా గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. ఒకసారి నేర్చుకున్నాక రవ్వంత చాలు, ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతాయి. ‘పాతికేళ్లుగా కొడుతున్నాను, నాకేం కాలేదు’ అనే మేస్త్రీకి నిన్నటిదాకా ఏమీ కాలేదన్నది నిజమే. రేపటికి అది హామీ కాదు. చర్మం మీద పడినా ఈ అలెర్జీ మొదలయ్యే అవకాశం ఉంది. కాబట్టి చేతులూ ముంజేతులూ కప్పుకోవాలి.

గన్ సెట్టింగుతోనే సగం పని

మాస్కు కన్నా ముందు చూడాల్సింది గాల్లోకి లేచే పెయింటు. మామూలు హై ప్రెషర్ గన్‌తో కొడితే పెయింటులో 30–40 శాతమే ప్యానెల్ మీద నిలుస్తుంది, మిగతాదంతా తుంపరై గాల్లో కలుస్తుంది. ఎక్కువ గాలిని తక్కువ ఒత్తిడితో వదిలే హెచ్‌వీఎల్‌పీ గన్‌తో కనీసం 65 శాతం నిలవాలి. ఆ గన్‌లో ఎయిర్ క్యాప్ (గన్ ముందు మూతి) దగ్గర ఒత్తిడి 10 పీఎస్‌ఐ మించకూడదు. గన్ కిందివైపు ఇన్‌లెట్ దగ్గర ఎంత పెట్టాలో గన్ మీదే రాసి ఉంటుంది, చాలా గన్లకు 30 లోపే. అయినా మన షెడ్డుల్లో హెచ్‌వీఎల్‌పీ గన్‌కి 50 పెట్టి కొట్టేవాళ్లు కనిపిస్తారు. దానికి కారణం కంప్రెసర్. హెచ్‌వీఎల్‌పీ గన్ నిమిషానికి 10 నుంచి 15 ఘనపుటడుగుల గాలి తాగుతుంది. కంప్రెసర్ ఒక హార్స్‌పవర్‌కి 3–4 ఘనపుటడుగులకు మించి ఇవ్వదు. 2 హార్స్‌పవర్ కంప్రెసర్‌తో కొడితే నడిమధ్యలో గాలి పడిపోయి పెయింట్ చుక్కలు లావవుతాయి. పెయింటర్ రెగ్యులేటర్ తిప్పి ఒత్తిడి పెంచుతాడు, పెంచిన కొద్దీ తుంపర పెరుగుతుంది. చిన్న కంప్రెసరే ఉంటే తక్కువ గాలి చాలే ఎల్‌వీఎల్‌పీ గన్ తీసుకోవడం మేలు. క్లియర్‌కు 1.3 లేదా 1.4 మి.మీ. నాజిల్ పెట్టండి. ప్యానెల్‌కి 15–20 సెం.మీ. దూరం ఉంచి, గన్‌ను వంచకుండా నిటారుగా నడపండి. ఇందులో పెయింట్ ఖర్చు కూడా మిగులుతుంది. ఓనర్‌ను ఒప్పించడానికి ఈ ఒక్క మాట చాలు.

షట్టర్ దించితే ఏమవుతుంది

తడి క్లియర్ మీద దుమ్ము పడకూడదని షట్టర్ దించేస్తారు. విశాఖలో మధ్యాహ్నం సముద్రం గాలి మళ్లితే రోడ్డు మీది దుమ్ము మరీ లేస్తుంది, కాబట్టి ఆ భయంలో అర్థం లేకపోలేదు. కానీ మూసిన షెడ్డులో తుంపర ఎక్కడికీ పోదు. లోపల స్టాండు ఫ్యాను పెడితే దాన్ని మూలమూలకూ తిప్పుతుంది తప్ప బయటికి పంపదు. పరిష్కారం ఒకవైపు నుంచి వడకట్టిన గాలి లోపలికి రావడం, ఎదుటివైపు నుంచి బయటికి లాగడం.

ఎంత గాలి లాగాలో లెక్క వేసుకోండి. గాలి అడ్డంగా పోయే బూత్‌లో (పెయింట్ కొట్టే గదిలో) పెయింటర్ దగ్గర సెకనుకు సుమారు అర మీటరు వేగం ఉండాలి. బూత్ 4 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తు ఉంటే వైశాల్యం 10 చదరపు మీటర్లు. దాన్ని 0.5తో గుణిస్తే సెకనుకు 5 ఘనపు మీటర్లు, గంటకు 18,000. గోడకు బిగించే మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి దీనికి చాలదు. కొనేముందు ఫ్యాన్ ప్లేటు మీద గంటకు ఎన్ని ఘనపు మీటర్లో చదవండి. ఫిల్టర్ అడ్డం పెట్టాక అది ఇంకా తగ్గుతుందని గుర్తుంచుకోండి. మోటారు గాలి పోయే దారిలో ఉండకూడదు, ఉంటే ఫ్లేమ్‌ప్రూఫ్ రకమే పెట్టాలి. థిన్నర్ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఫ్యాన్ ముందు ఫైబర్‌గ్లాస్ పెయింట్ ఫిల్టర్ పెట్టి, పెయింట్ పట్టి గాలి తగ్గగానే మార్చండి. బయటికి పోయే గొట్టం కప్పు మీదుగా పైకి పోవాలి. పక్క టీ బడ్డీ మొహాన కొట్టేలా పెడితే ఆ తుంపర అక్కడి మనుషులు పీలుస్తారు.

కొట్టేటప్పుడు గాలి మీ వెనక నుంచి వచ్చి, కారు దాటి, ఫ్యాన్ వైపు పోవాలి. ఫ్యాన్‌కీ కారుకీ మధ్యన నిలబడ్డారా, తుంపరంతా మీ మీదుగానే పోతుంది. కారు అవతలివైపు కొట్టాల్సినప్పుడు ఇదే ఇబ్బంది. కుదిరితే బండిని తిప్పి నిలపండి.

బూత్ ఎంతసేపట్లో ఖాళీ అవుతుందో తెలుసుకోవడానికి ఫంక్షన్ల డెకరేషన్‌వాళ్ల దగ్గర దొరికే పొగ మెషిన్ ఒకటి అద్దెకు తెచ్చుకుంటే చాలు. ఫ్యాన్ ఆపి, తలుపులు మూసి, ఎదురుగా ఏమీ కనపడనంత పొగ నింపండి. ఫ్యాన్ ఆన్ చేసి టైము చూడటం మొదలుపెట్టండి. పొగ పూర్తిగా పోయిందనిపించినప్పుడు మూలల్లో, బండి కింద టార్చి వేసి చూడండి. అక్కడ కూడా పోయేదాకా పట్టిన నిమిషాలకు కొంత కలిపి, ఆ అంకె తలుపు మీద పెయింట్‌తో పెద్దగా రాసేయండి. మంచి బూత్‌లో ఇది 5 నిమిషాల లోపే ఉంటుంది. మామూలు గదిలో 20 నిమిషాల దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. గన్ ఆపాక ఫ్యాన్ అంతసేపూ తిరగాలి, మాస్కు అంతసేపూ మొహానే ఉండాలి.

సరిగ్గా ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటున్నారు. చివరి కోటు అయిపోతుంది. రన్ పడిందా (పెయింట్ కారిందా), మెరుపు సరిగ్గా వచ్చిందా అని చూడటానికి పెయింటర్ మాస్కు పైకెత్తి, ప్యానెల్ మీదికి వంగి చూస్తాడు. గాల్లో ఏమీ కనపడదు కదా అనుకుంటాడు. ట్యూబ్‌లైటు వెలుగులో సన్నని తుంపర కంటికి ఆనదు. గది చీకటి చేసి పక్కనుంచి టార్చి కొట్టి చూడండి, ఆ కాంతిలో ఎన్ని రేణువులు తేలుతున్నాయో తెలుస్తుంది. ఫినిషింగ్ చూడాలంటే వైజర్ (మాస్కు ముందుండే అద్దం) మీద అంటించే పలుచని ప్లాస్టిక్ షీటు చింపి కొత్తది వేసుకోండి. వైజర్ మాత్రం ఎత్తకండి.

సాయం చేసే కుర్రాడి సంగతి చాలా షెడ్డుల్లో ఎవరికీ పట్టదు. హోస్ పట్టుకుని, లైటు చూపిస్తూ పెయింటర్ పక్కనే నిలబడతాడు, మొహానికి ఏమీ ఉండదు. వాడు పీల్చేదీ అదే గాలి. క్లియర్ కొట్టేటప్పుడు బూత్‌లో ఉండక తప్పని మనిషికి పెయింటర్‌కున్న మాస్కే ఉండాలి. లేదంటే వాణ్ణి బయటే ఉంచాలి. బండి ఓనరుకు కూడా ఇదే మాట.

ఏ మాస్కు, ఎలా

కర్చీఫ్, సర్జికల్ మాస్కు, ఎన్95, ఈ మూడూ థిన్నర్ ఆవిరిని ఆపలేవు. ఎన్95 పొడి దుమ్ముకు, అంటే సాండింగ్‌కి పనికొస్తుంది. పని అయ్యాక బెల్లం ముక్క తింటే, అరటిపండు తింటే విషం పోతుందని నమ్మకం ఉంది. తిన్నది కడుపులోకి పోతుంది, పీల్చినది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బెల్లం తినండి, కానీ మాస్కు బదులుగా మాత్రం కాదు.

టూకే కొట్టడానికి సరైనది బయటినుంచి శుభ్రమైన గాలి అందించే ఎయిర్‌ఫెడ్ మాస్కు. రబ్బరు అంచుతో మొహానికి బిగుతుగా అతుక్కునే రకానికి నిమిషానికి కనీసం 115 లీటర్ల గాలి, వదులుగా ఉండే హుడ్ లేదా వైజర్ రకానికి కనీసం 170 లీటర్లు కావాలి. 170 లీటర్లంటే 6 ఘనపుటడుగులు. గన్‌కి 12, మాస్కుకి 6 అనుకుంటే మొత్తం 18, అంటే కనీసం 5 హార్స్‌పవర్ కంప్రెసర్. అంత లేకపోతే మాస్కుకు వేరే కంప్రెసర్ పెట్టండి.

ఆ గాలిని మీరు నేరుగా పీలుస్తారు కాబట్టి అది ఎక్కడినుంచి వస్తోందో చూడాలి. కంప్రెసర్ గాలి లాక్కునే చోట జనరేటర్ పొగ గానీ, స్టార్ట్ చేసి ఉంచిన బండి పొగ గానీ ఉండకూడదు. ఆయిల్ కంప్రెసర్ బాగా వేడెక్కితే ఆయిల్ మాడి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, బొగ్గు ఫిల్టర్ దాన్ని ఆపదు. అందుకే లైనులో ఆయిల్ ఫిల్టర్, బొగ్గు ఫిల్టర్‌తో పాటు కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పెట్టాలి. ఐరోపా ప్రమాణంలో పీల్చే గాలిలో దీని పరిమితి 5 పీపీఎం. విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ట్యాంకు అడుగున చేరిన నీళ్లు రోజూ పొద్దున్నే వదిలేయాలి. ఇంకో ముఖ్యమైన సంగతి: పక్కన టైర్ల షాపులో నైట్రోజన్ లైను ఉంటుంది. మాస్కు గొట్టాన్ని పొరపాటున కూడా దానికి తగిలించకూడదు. నైట్రోజన్ ఊపిరాడనీయకుండా చేసి నిమిషాల్లో ప్రాణం తీస్తుంది, ముందుగా ఏ సూచనా ఇవ్వదు.

ఎయిర్‌ఫెడ్ ఇంకా కొనలేని షెడ్డులో రబ్బరు హాఫ్ మాస్కు, థిన్నర్ ఆవిరిని పట్టే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్, దాని మీద తుంపరను ఆపే పీ2, పీ3 లేదా పీ100 రకం ఫిల్టర్ వాడతారు. బేస్‌కోట్‌కి, థిన్నర్ పనికి ఇది సరిపోతుంది. టూకేకి ఇది గుడ్డ కన్నా ఎంతో మేలు, కానీ దీనితో సరిపెట్టుకోకూడదు. కార్ట్రిడ్జ్ అయిపోయిందని చెప్పడానికి ఐసోసైనేట్‌కి వాసన లేదు కదా. కాబట్టి వాసన వచ్చేదాకా ఆగకుండా గంటల లెక్కన మార్చాలి. తయారీదారు చెప్పిన గడువు తెలియకపోతే మొత్తం 8 గంటల వాడకానికి మించనీయకండి. పెట్టిన తేదీ మార్కర్‌తో కార్ట్రిడ్జ్ మీదే రాయండి. పని అయ్యాక మేకుకు తగిలిస్తే అందులోని బొగ్గు షెడ్డులోని థిన్నర్ ఆవిరిని రాత్రంతా పీల్చుకుని, మర్నాటికి పనికిరాకుండా పోతుంది. జిప్ కవర్లో పెట్టి, గాలి తీసేసి మూయండి. కళ్లకు వేరుగా గాగుల్స్ పెట్టుకోండి.

మాస్కు పెట్టుకున్న ప్రతిసారీ సీలు చూడండి. రెండు కార్ట్రిడ్జ్‌లనూ అరచేతులతో మూసి మెల్లగా ఊపిరి పీల్చి 10 సెకన్లు ఆపండి. మాస్కు మొహానికి అతుక్కుపోయి అలాగే ఉండాలి. తర్వాత వదిలే వాల్వును మూసి మెల్లగా ఊదండి, అంచుల్లోంచి గాలి పోకూడదు. గడ్డం ఉంటే ఈ పరీక్ష నెగ్గదు. రెండు రోజుల గడ్డానికి కూడా సందులు ఏర్పడతాయి. అయ్యప్ప మాల, భవానీ మాల వేసుకున్నవాళ్లకు 41 రోజులు గడ్డం తీయడం కుదరదు. ఆ దీక్షాకాలంలో హాఫ్ మాస్కుతో టూకే కొట్టొద్దు. వదులుగా ఉండే ఎయిర్‌ఫెడ్ హుడ్ ఉంటే వాడండి. లేదంటే ఆ నెలన్నర డెంటింగ్, పాలిషింగ్ పనికి మారండి. మాలలు మొదలయ్యే కార్తీకానికి ముందే ఓనర్‌తో ఈ మాట మాట్లాడుకోవాలి.

చేతులకు నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. పలుచని లేటెక్స్ గ్లవ్స్‌లోంచి థిన్నర్, హార్డ్‌నర్ లోపలికి దిగుతాయి. పెయింట్ అంటిన చేతుల్ని థిన్నర్‌తో కడగకండి. కొబ్బరినూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడిగితే పోతుంది.

కలిపేటప్పుడు, కడిగేటప్పుడు, గీకేటప్పుడు

హార్డ్‌నర్ కొలిచి పోసే పని గాలి ఆడే చోట, గ్లవ్స్, మాస్కు వేసుకుని చేయండి. పోయగానే డబ్బా మూత బిగించండి. లోపలికి తేమ వెళితే హార్డ్‌నర్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్ పుట్టి డబ్బా ఉబ్బుతుంది. హార్డ్‌నర్ ఒలికితే పొడి ఇసుక పోసి ఎత్తేయండి. ఆ చోట లీటరు నీళ్లకు 50 నుంచి 100 గ్రాముల బట్టల సోడా, ఒక చెంచా లిక్విడ్ సోపు కలిపి పోసి కడగండి. ఎత్తిన ఇసుక మీద కూడా అవే నీళ్లు పోసి, రెండు రోజుల పాటు మూత బిగించకుండా బయట ఉంచండి.

గన్ కడిగేటప్పుడు కప్పులో థిన్నర్ పోసి గాల్లోకి చిమ్మడం అందరికీ అలవాటు. కప్పు అడుగున మిగిలిన హార్డ్‌నర్ అంతా అప్పుడు మళ్లీ తుంపరవుతుంది, అదీ మాస్కు తీసేసిన తర్వాత. గాలి తగ్గించి, థిన్నర్‌ను మూత ఉన్న డబ్బాలోకి కారనిచ్చి కడగండి, మాస్కుతోనే.

పాలిస్టర్ పుట్టీ వాసన స్టైరీన్‌ది. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్‌లో లీకైనది ఈ రసాయనమే. పుట్టీలో ఉండేది ఆ మోతాదుతో పోల్చదగ్గది కాదు, అయినా మూసిన గదిలో రోజంతా పూస్తే తల తిరుగుతుంది. పుట్టీ పని తలుపులు తెరిచి చేసుకోండి. ఆరిన పుట్టీని, పెయింటును వాటర్ పేపర్‌తో తడిపి గీకితే దుమ్ము లేవదు. పొడిగా గీకాలంటే వాక్యూమ్ ఉన్న సాండర్ వాడాలి. ఉప్పుగాలికి తుప్పు పట్టే ఊరు కాబట్టి ఇక్కడ గ్రైండింగ్ ఎక్కువ. పాత లారీల పసుపు పెయింటులో లెడ్ క్రోమేట్, పసుపు ప్రైమర్లలో జింక్ క్రోమేట్ ఉండవచ్చు. ఆ క్రోమియం ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణం. మన దేశంలో లెడ్‌కు 90 పీపీఎం పరిమితి పెట్టిన 2016 నిబంధనలు ఇళ్లకు వేసే పెయింట్లకే వర్తిస్తాయి, వాహనాల పెయింట్లకు కాదు. బట్టల మీది దుమ్మును ఎయిర్ గన్‌తో దులుపుకోకండి. అది మళ్లీ మీ ముక్కులోకే చేరుతుంది. పని బట్టలు షెడ్డులోనే విడిచి ఇంటికి వెళ్లండి.

ఒంట్లో తేడా వస్తే

హార్డ్‌నర్ ఆస్తమా చాలాసార్లు పని చేస్తున్నప్పుడు బయటపడదు. నాలుగైదు గంటల తర్వాత, సాయంత్రమో రాత్రి పడుకున్నాకో దగ్గు, ఛాతీ పట్టేసినట్టుండటం, పిల్లికూతలు మొదలవుతాయి. ఇంటి దుమ్ము, చలిగాలి అనుకుంటారు. గుర్తు ఏమిటంటే, సెలవుల్లో తగ్గుతుంది. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు హాయిగా ఉండి, తిరిగొచ్చి పని మొదలుపెట్టగానే దగ్గు వస్తే అనుమానించాల్సిందే. కొందరికి అదే రాత్రి జ్వరం, ఒళ్లునొప్పులు కూడా వస్తాయి, వైరల్ జ్వరమని మందులు వాడేస్తారు.

ఊపిరి ఎంత వేగంగా వదలగలరో కొలిచే పీక్ ఫ్లో మీటర్ మందుల షాపులో దొరుకుతుంది, వెయ్యి రూపాయల లోపే. నిలబడి, నిండా ఊపిరి పీల్చి, ఒక్క ఊపున గట్టిగా ఊదండి. మూడుసార్లు ఊది ఎక్కువ వచ్చిన అంకె రాయండి. ఇలా రోజుకు కనీసం నాలుగుసార్లు, నాలుగు వారాలు, సెలవు రోజులు కూడా కలిసేలా రాయాలి. ఏ రోజు క్లియర్ కొట్టారో పక్కనే గుర్తు పెట్టండి. పని రోజుల్లో అంకె పడిపోయి సెలవుల్లో లేస్తుంటే, ఆ కాగితం పట్టుకుని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోనో, ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రిలోనో ఊపిరితిత్తుల డాక్టర్‌కి చూపించండి. ఈఎస్ఐ ఉంటే ఆ కార్డు మీదే వెళ్లండి. ‘పెయింటర్‌ని’ అంటే సరిపోదు. ‘ఐసోసైనేట్ హార్డ్‌నర్ కలిపిన పెయింట్ గన్‌తో కొడతాను’ అని చెప్పండి, డబ్బా లేబుల్ ఫొటో చూపించండి. అసలు ఈ పనిలో చేరినప్పుడే ఒక స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష) చేయించి ఉంచుకుంటే, తర్వాతి ఏడాదుల్లో పోల్చి చూడటానికి ఉంటుంది.

ఆస్తమా ఐసోసైనేట్ వల్లేనని తేలితే ఇన్‌హేలర్ పీలుస్తూ అదే బూత్‌లోకి వెళ్లడం ప్రాణాంతకం కావచ్చు. టూకే తుంపర ఉన్న చోటికి దూరంగా, వేరే పనికి మారాలి. త్వరగా మారినవాళ్లు కోలుకునే అవకాశం ఎక్కువ, లక్షణాలు మొదలయ్యాక కొనసాగించే కొద్దీ అది తగ్గిపోతుంది. మాట్లాడలేనంత ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

ఉద్యోగుల నష్టపరిహార చట్టం, 1923 మూడో షెడ్యూలులో పనివల్ల వచ్చే ఆస్తమా ఉండేది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. పరిహారం అడగాలంటే ఏ షెడ్డులో, ఎంతకాలం, ఏ పెయింట్ కొట్టారో చూపించగలగాలి. జీతం చీటీలు, హార్డ్‌నర్ లేబుళ్ల ఫొటోలు, పీక్ ఫ్లో కాగితాలు, డాక్టర్ చీటీలు అన్నీ ఒకే కవర్లో పెట్టి ఇంట్లో ఉంచండి, షెడ్డులో కాదు.